కన్నం పడే గోడ: మృచ్ఛకటికానికి సెట్టింగు కట్టే పద్ధతి

శూద్రకుడి సంస్కృత నాటకం మృచ్ఛకటికం మూడో అంకంలో శర్విలకుడనే దొంగ చీకట్లో కథానాయకుడు చారుదత్తుడి ఇంటి గోడ దగ్గరికి వస్తాడు. కొలతాడు తేవడం మరిచిపోయాడు. మెడలో జంధ్యం తీసి దాంతోనే గోడ కొలుస్తాడు. కన్నం ఏ ఆకారంలో వెయ్యాలా అని కాసేపు ఆలోచిస్తాడు. విచ్చిన తామరలా వెయ్యాలా, సూర్యబింబంలానా, నెలవంకలానా, స్వస్తికంలానా? చివరికి కాల్చిన ఇటుక గోడకు నిండు కుండే అందమని తేల్చుకుంటాడు. కాల్చిన ఇటుకైతే లాగాలి, పచ్చి ఇటుకైతే కోయాలి, మట్టి గోడైతే నీళ్ళతో తడపాలి, చెక్కైతే చీల్చాలి అని వాడి దొంగశాస్త్రంలో నాలుగు పద్ధతులు కూడా చెబుతాడు.

ఈ నాటకానికి సెట్టింగు వెయ్యమని మా శ్రీకాకుళం మిత్రులు అడిగినప్పుడు నేను పుస్తకం మళ్ళీ తీసి చదివాను. ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. అది దొంగ మాటలా లేదు, తాపీమేస్త్రి మాటలా ఉంది. ఏ గోడ కట్టాలో, ఏ ఆకారంలో పగలాలో, ఎలా పగలాలో శూద్రకుడే రాసిపెట్టాడు. అప్పుడే నిర్ణయించుకున్నాను: పది అంకాల నాటకంలో నేను నిజంగా కట్టాల్సింది ఆ ఒక్క గోడే. మిగతాదంతా దాని చుట్టూ తిరగాలి.

ఆ గోడ ఎలా కట్టామో, దాని చుట్టూ మిగతా సెట్టు ఎలా అమర్చామో మొదటి నుంచి చెబుతాను. మీ ఊళ్ళో మీ బృందం వేరే పాత నాటకం వేస్తున్నా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

పుస్తకం చదవడం: పెన్సిల్ పట్టుకుని

మొదటిసారి కథ కోసం చదవండి. రెండోసారి చేతుల కోసం చదవండి. నటుడి చెయ్యి, కాలు, ఒళ్ళు దేనికి తగులుతుందో అక్కడ గీత పెట్టండి. వర్ణనలకు గీతలు పెట్టకండి. వర్ణన ప్రేక్షకుడి చెవికి వెళ్తుంది, దాన్ని మళ్ళీ బొమ్మగా గీస్తే మాట వృథా అవుతుంది.

మృచ్ఛకటికంలో నాకు తేలిన గీతలు ఇవీ. మొదటి అంకంలో చారుదత్తుడి మీద మనసుపడ్డ గణిక వసంతసేన చీకట్లో అతని ఇంటి పక్క గుమ్మం తడుముకుని లోపలికి వస్తుంది, కొంగుతో దీపం ఆర్పేస్తుంది. రెండో అంకంలో జూదంలో ఓడిన సంవాహకుడు వెనక్కి నడుచుకుంటూ విగ్రహం లేని గుడిలోకి వెళ్ళి తానే విగ్రహంలా నిలబడతాడు. మూడో అంకంలో కన్నం. ఆరో అంకంలో చారుదత్తుడి కొడుకు రోహసేనుడి మట్టి బండి, అందులో వసంతసేన పోసిన నగలు, ఆ వెంటనే అసలు బండ్లు తారుమారు కావడం. ఎనిమిదో అంకంలో రాజు బావమరిది శకారుడు వసంతసేన గొంతు నులిమి, చచ్చిందనుకుని కప్పేసే ఎండుటాకుల కుప్ప. అంతే. కథ జరిగే ఉజ్జయినిలో మేడలు, వసంతసేన ఇంటి ఎనిమిది లోగిళ్ళు, న్యాయసభ, వధ్యస్థలం అన్నీ మాటల్లో ఉన్నాయి, నడకలో ఉన్నాయి.

భరతుడి నాట్యశాస్త్రం ఈ విషయంలో మనకు పెద్ద అండ. రంగం మీద నటుడు ఒక చుట్టు నడిస్తే చోటు మారినట్టే అని, రంగాన్ని చోట్లుగా పంచుకునే కక్ష్యావిభాగంలో ఉంది. ఆహార్యంలో, అంటే వేషం, అలంకరణల భాగంలో, పుస్తం అని రంగవస్తువుల గురించి చెబుతూ సంధిమం, వ్యాజిమం, వేష్టిమం అని మూడు రకాలు పెట్టాడు భరతుడు: చాప, గుడ్డ, తోలు లాంటివి కలిపి చేసేది, యంత్రంతో నడిచేది, గుడ్డ చుట్టి చేసేది. వెదురు, లక్క, గుడ్డ లాంటి తేలిక సరుకుతో చెయ్యమనే ఆయన కూడా చెప్పాడు. మన దగ్గర ఉన్నదీ ఆ సరుకే.

ఉజ్జయిని నుంచి కళింగపట్నానికి

పాత నాటకాన్ని కొత్త చోట పెట్టాలంటే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ కథ మన నేల మీద ఎక్కడ జరిగి ఉండేది? చారుదత్తుడు పుట్టుకతో బ్రాహ్మణుడు, వంశం మాత్రం సార్థవాహులది, అంటే దూరదేశాలకు సరుకు నడిపిన వాళ్ళది. దానాలు చేసి చేసి చితికిపోయాడు. శ్రీకాకుళం జిల్లాలో ఆ మాట వినగానే నాకు వంశధార సముద్రంలో కలిసే చోట ఉన్న కళింగపట్నం కళ్ళ ముందుకొచ్చింది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఓడలు రావడం మానేసిన రేవులో ఒకప్పటి సరుకుల వ్యాపారి ఇల్లు ఎలా ఉంటుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సున్నం పెచ్చులు ఊడి, కింద ఇటుక బయటపడి, ఉప్పుగాలికి ఆ ఇటుక కూడా పొడి రాలుతూ ఉంటుంది.

ఇంకో కలయిక కూడా కుదిరింది. జూదంలో ఓడిన సంవాహకుడు తర్వాత బౌద్ధ భిక్షువు అవుతాడు, ఎనిమిదో అంకంలో వసంతసేన ప్రాణం నిలబెట్టేది అతనే. కళింగపట్నానికి దగ్గర్లో, వంశధార ఒడ్డున కొండ మీద శాలిహుండం బౌద్ధ స్తూపాలు ఉన్నాయి. ఇటుక కట్టడాలు. ఒక ఆదివారం నేనూ మా వడ్రంగీ వెళ్ళి ఆ ఇటుకలు చూసి వచ్చాం. ఇప్పటి బట్టీ ఇటుక కంటే పెద్దవి, పల్చటివి. గోడ బొమ్మ అక్కడే గీసుకున్నాను.

ఇక్కడ ఒక హెచ్చరిక. చోటు ఖాయమయ్యాక ఆ ఊరి గుర్తులన్నీ సెట్టులోకి తోసుకొస్తాయి. కళింగపట్నం అనగానే వెనక తెర మీద లైట్‌హౌస్ గీద్దాం అన్నారు మా వాళ్ళు. నేను ఒప్పుకోలేదు. నాటకంలో ఒక్క పాత్ర కూడా దాని వైపు చూడదు, దాని దగ్గరికి వెళ్ళదు. ఏ పాత్రకూ పనిలేని బొమ్మ రంగం మీద ఉంటే ప్రేక్షకుడి కన్ను అక్కడే ఉండిపోతుంది. ఊరు కనిపించాల్సింది గోడ రంగులో, దీపం ఆకారంలో, చాప అల్లికలో. దీపానికి మాత్రం బుడితి కంచు పనివాళ్ళ చేత చేయించిన కుందె పెట్టాం, అది జిల్లా వాళ్ళంతా గుర్తుపట్టారు.

హాలు కొలవడం

హాలుకు టేపు పట్టుకుని మీరే వెళ్ళండి, ఫోన్లో అడిగి రాసుకోకండి. రంగం ముఖం వెడల్పు, లోతు, పైన తెర దూలం ఎత్తు, పక్కన వింగ్స్‌లో, అంటే ప్రేక్షకులకు కనపడని మరుగులో, మిగిలే జాగా, ప్లగ్గులు ఎక్కడున్నాయి, సామాను తెచ్చే తలుపు ఎంత. ఆఖరిది అందరూ మరిచిపోతారు. మేము వేసిన ఒక హాల్లో రంగం ముఖం 30 అడుగులు, వెనక తలుపు మాత్రం మూడున్నర అడుగులు. టాటా ఏస్ ట్రాలీ పొడవు సుమారు 7 అడుగులు, వెడల్పు 5 అడుగులకు కాస్త తక్కువ. కాబట్టి గోడను ముక్కలుగా చేసే ఏ పలకా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు దాటకూడదని మొదటే గీత గీసుకున్నాం. పడుకోబెట్టి పక్కకు తిప్పితే ఆ తలుపులోంచి వెళ్తుంది, బండి మీద ఒక అడుగు బయటికి ఉన్నా తాడు కడితే సరిపోతుంది.

తర్వాత మొదటి వరసలో రెండు చివరి కుర్చీల్లో కూర్చుని చూడండి. అక్కడ నుంచి కనపడని చోట కథకు ముఖ్యమైనది ఏదీ పెట్టకూడదు. ఒక పురికొస కుర్చీకి కట్టి, వింగ్ అంచు తగిలేలా రంగం లోపలి దాకా లాగితే కనపడే హద్దు నేల మీద తేలిపోతుంది. సుద్దతో గీసి ఫోటో తీసుకోండి.

ఇంటికి వచ్చాక అడుగుకు అర అంగుళం చొప్పున అట్టముక్కలతో చిన్న నమూనా చెయ్యండి. 30 అడుగుల రంగం 15 అంగుళాలు అవుతుంది, బల్ల మీద ఇమిడిపోతుంది. అదే లెక్కన, అంటే రెండున్నర నుంచి మూడు అంగుళాల అట్ట మనుషుల్ని కూడా కత్తిరించండి. దర్శకుడికి గీసిన బొమ్మ చూపిస్తే తల ఊపుతాడు. నమూనా చూపిస్తే అట్ట మనిషిని పట్టుకుని నడిపిస్తాడు, అప్పుడు అసలు తగవులు బయటికొస్తాయి. ఆ తగవులు అట్టతో ఉన్నప్పుడే తీరిపోవాలి.

మా గోడను ఎక్కడ పెట్టాలో అలాగే తేలింది. ప్రేక్షకులకు ఎదురుగా పెడితే దొంగ వెనక ఉండిపోతాడు, లేదా ఇల్లు వెనక ఉండిపోతుంది. అందుకని రంగం మధ్యకు కాస్త ఎడమగా, ప్రేక్షకుల వైపు అంచు తిప్పి ఏటవాలుగా నిలబెట్టాం. గోడకు ఒక పక్క పెరడు, మరో పక్క నిద్రపోతున్న చారుదత్తుడు, అతని స్నేహితుడు మైత్రేయుడు. రెండూ ఒకేసారి కనబడతాయి. కన్నం వేసేవాడినీ, కన్నం పడుతున్నట్టు తెలియని వాళ్ళనూ కలిపి చూడడంలోనే ఆ సీను ఊపిరి ఉంది.

మామూలు పలక

గోడ మొత్తం 12 అడుగులు, మూడు పలకలు. రెండు చివరివి మామూలు పలకలు, వీటి పని తేలిక.

3 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం ఉన్న రీపర్లు తీసుకోండి. తేలిక కర్ర అయితే మంచిది, తిన్నగా ఉండడం ముఖ్యం. పైదీ కిందదీ నిండు 4 అడుగులు. నిలువువి రెండూ వాటి మధ్య ఇరుక్కునేలా 7 అడుగుల 6 అంగుళాలు. మధ్యలో అడ్డపట్టీ ఒకటి, మూలన ఏటవాలు పట్టీ ఒకటి. మూలల్లో పావు అంగుళం ప్లైవుడ్ త్రికోణాలు జిగురు పెట్టి స్క్రూలు బిగించండి. ఆ త్రికోణాలు చట్రం అంచు దాకా పెట్టకండి, ముప్పావు అంగుళం లోపలికి జరపండి. లేకపోతే రెండు పలకలు కలిపినప్పుడు మధ్యలో సందు వస్తుంది, వెనక లైటు ఆ సందులోంచి గీతలా కొడుతుంది. బిగించే ముందు మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండూ 8 అడుగుల 11 అంగుళాల పైచిలుకు, సరిసమానంగా రావాలి. తేడా ఉంటే చట్రం వంకర.

ఈ చట్రం మీద వేసేది మా ప్రాంతంలో చవగ్గా దొరికే గోనెపట్టా. గోగునార పండే నేల ఇది. సంచులు విప్పి ఉతికి ఆరేసిన గోనెపట్టా రంగు పీల్చుకుని నిజమైన పాత గోడలా ఉంటుంది, నునుపు గుడ్డకు ఆ గరుకు రాదు. మధ్య నుంచి అంచులకు స్టేపుల్ చేసుకుంటూ వెళ్ళండి. మరీ బిగించకండి, జిగురు పూశాక గుడ్డ ముడుచుకుని చట్రాన్నే వంచేస్తుంది. చింతగింజల జిగురులో సున్నం కలిపి మొదటి పూత వెయ్యండి. దొరక్కపోతే ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి వెయ్యొచ్చు.

వెనక ఆనుకోడానికి త్రికోణం ఊతలు, బందులతో. ఊత కాలు గోడకు కనీసం నాలుగడుగులు వెనక ఉండాలి, దాని మీద సగం నింపిన సిమెంటు సంచి ఇసుక. గోడను నేలకు మేకులు కొట్టి నిలబెట్టొద్దు. హాలు వాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకున్నా మనం చెయ్యకూడదు.

కన్నం పలక

ఇక్కడికి వచ్చేసరికి మా వడ్రంగి ఒక మాట అన్నాడు. "గోడ నిలబెట్టడం నాకొగ్గీండి బాబూ. మనిసి దూరినప్పుడు ఒనక్కుండా సూడాల." ఈ పలక గుట్టంతా అదే.

మధ్య పలకకు గుడ్డ వద్దు, 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్. వెనక రీపర్లు దగ్గర దగ్గరగా. కన్నం వెనక ఆరు అంగుళాల లోతున ప్లైవుడ్‌తో గూడులా కట్టండి, గోడకు మందం ఉన్నట్టు అక్కడే కనిపిస్తుంది. మనిషి తోసుకుంటూ వెళ్ళేటప్పుడు బరువు ఆ గూడు మీద పడుతుంది, పలక మీద కాదు. గూడు కింద నేల దాకా రెండు పొట్టి కాళ్ళు పెట్టాం, వణుకు పూర్తిగా పోయింది.

ఆకారం శూద్రకుడిదే. పొద్దున్న లేచి ఆ కన్నం చూసి చారుదత్తుడు తిట్టడు, ఎంత అందంగా వేశాడు అంటాడు. తల దగ్గర సన్నం, నడుం దగ్గర వెడల్పు, పైనుంచి ఇటుకలు రాలినట్టు, తగనివాళ్ళు తాకితే భయంతో పగిలిన ఇంటి గుండెలా ఉందని ఒక పద్యం చెబుతాడు. పనివాడికి ఇంతకంటే కొలతలు ఏం కావాలి.

మా ఇటుక ముఖం 12 అంగుళాల పొడవు, 4 అంగుళాల ఎత్తు, లోతు 5 అంగుళాలు. కన్నం నేల నుంచి అర అడుగు పైన మొదలై మూడున్నర అడుగుల దగ్గర ముగుస్తుంది, అంటే తొమ్మిది వరసలు. కింది నుంచి వరసల వెడల్పు అంగుళాల్లో ఇలా: 12, 18, 24, 24, 24, 24, 18, 12, 12. కాగితం మీద మెట్లు మెట్లుగా గీసి చూడండి, కుండ కనిపిస్తుంది. ఒకదాని కీలు మీద ఇంకొకటి రాకుండా పేరిస్తే నిండు ఇటుకలు 10, అర ఇటుకలు 8, మొత్తం 18 ముక్కలు. ముందు మీ శర్విలకుడి భుజాలు కొలవండి. భుజాల మీద నాలుగు అంగుళాలు ఖాళీ లేకపోతే వరసల వెడల్పు పెంచండి.

కట్టుబడిలో జరిగిన ఒక తప్పు చెప్పాలి. మొదటిసారి ఇటుకలు థర్మాకోల్‌తో కోశాను. తేలిక, చవక, అందరూ చేసేదే. రిహార్సల్లో శర్విలకుడు మొదటి ఇటుక పట్టుకుని లాగాడు. ప్లైవుడ్‌కు రాసుకుని "కిర్ర్" మంది. నిశ్శబ్దంగా కన్నం వేసే దొంగ చేతిలో ప్రతి ఇటుకా కిర్రుమంటుంటే చూడ్డానికి వచ్చిన పిల్లలు పగలబడి నవ్వారు. కింద పెడితే చప్పుడే లేదు, కాలు తగిలితే బంతిలా దొర్లింది. ఆ రాత్రే అవన్నీ పారేశాం. నిప్పంటుకుంటే కరిగి మనుషుల మీద కారే సరుకు అది, రంగం మీద దానికి చోటు ఉండకూడదు.

ఇప్పుడు వాడుతున్నవి 4 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేసిన బోలు పెట్టెలు. లోపల గుప్పెడు ఇటుక ముక్కలు గుడ్డలో మూట కట్టి అతికించాం, అటూ ఇటూ కదలకుండా. నిండు ఇటుక ఆరేడు వందల గ్రాములు తూగుతుంది. చేతిలో బరువు ఉంటేనే నటుడి మోచెయ్యి నిజంగా వంగుతుంది. నేల మీద పెట్టినప్పుడు చిన్నగా, బరువుగా "దబ్బు" మంటుంది. వెనక వరస వాళ్ళు ఆ చప్పుడు విని మెడ సాచడం నేను చూశాను. ముఖం మీద గోనెపట్టా, దాని మీద రంపపు పొట్టు, ఫెవికాల్, జాజు (ఎర్రమట్టి) కలిపిన ముద్ద మెత్తాం. ఆరాక మేకుతో గీరితే ఇసుక రాలిన ఇటుకే. పక్కలకు మాత్రం ఏమీ పూయకుండా కొవ్వొత్తి రుద్దండి, నున్నగా జారి వస్తాయి. ఇటుకలను గడి కంటే అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ కొలతతో చెయ్యండి, వర్షాకాలంలో కర్ర ఉబ్బుతుంది. లోపలి వైపు గూడుకు సన్నటి బద్ద కొట్టండి, పొరపాటున తోసినా ఇటుక ఇంట్లోకి పడిపోదు. ప్రతి ఇటుక వెనకా నంబరు.

ఇంకో సంగతి కట్టాక తెలిసింది. కింది వరసలు ముందు లాగితే పైవి కూలతాయి కాబట్టి పైనుంచే తియ్యాలి. శర్విలకుడు నిలబడి మొదలుపెట్టి, వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, చివరికి నేల మీద సాగిలపడి పని ముగిస్తాడు. నాటకంలో వాడు ఒక్క ఇటుకే మిగిలింది అనుకున్నప్పుడు పాము కరుస్తుంది, జంధ్యంతో వేలికి కట్టు కట్టుకుంటాడు. మా లెక్కలో అట్టడుగు వరసలో ఉన్నది సరిగ్గా ఒక్క ఇటుక. పద్దెనిమిది ముక్కలు, ఒక్కోదానికి పన్నెండు సెకన్లు అనుకుంటే మూడున్నర నిమిషాలు పైన. నటుడికి ఈ లెక్క చెప్పి, మాటలు దాని మీద పరచుకోమనండి.

దీపం గీత

ఈ భాగం మీద నాకు అన్నిటికంటే మమకారం. కన్నం లోంచి ఇంట్లో దీపం వెలుగు బయట నేల మీద పడుతుంది. చుట్టూ చీకటి, మధ్యలో పసుపు వెలుగు. గీటురాయి మీద బంగారు గీతలా ఉందంటాడు శర్విలకుడు. బంగారం దొంగిలించడానికి వచ్చినవాడికి వెలుగు కూడా బంగారంగానే కనబడింది. ఆ గీత ప్రేక్షకుడికి కనబడాలి.

పెరటి వైపు నేల మీద మసి రంగు వేసిన గుడ్డ పరవండి, అదే మీ గీటురాయి. ఇంటి వైపు కుందె దగ్గర దూలానికి, ఆరు అడుగుల ఎత్తులో, గోడకు నాలుగడుగుల దూరంలో ఒక చిన్న పసుపు ఎల్ఈడీ లైటు దాచండి, మొహం కన్నం వైపు కిందికి తిప్పి. లైటు ముందు ఒక అంగుళం చీలిక ఉన్న నల్ల రేకు. ఇలా పెడితే వెలుగు కన్నం దాటి అయిదడుగుల దూరంలో నేలను తాకుతుంది. మేము మొదటి వరస తీయగానే గీత పడుతుందనుకున్నాం, పడలేదు. గూడుకు ఆరు అంగుళాల లోతు ఉంది కదా, ఏటవాలుగా వచ్చే వెలుగు ఆ లోతులోనే ఆగిపోతోంది. రెండో వరస తీశాక సన్నగా పడింది. ఆ తర్వాత ఒక్కో వరస తీస్తుంటే గీత గోడ వైపు, అంటే వాడి కాళ్ళ వైపు పెరుగుతూ వచ్చింది. నేను అనుకుని చేసింది కాదు, అయినా ఇంకోలా చెయ్యమన్నా చెయ్యను. ఆ మాట మాత్రం రెండో వరస తర్వాతే చెప్పమని నటుడికి గట్టిగా చెప్పాం.

తర్వాత వాడు పురుగును వదిలి దీపం ఆర్పిస్తాడు. లైటు తగ్గించే డిమ్మర్ దగ్గర కూర్చున్నవాడు నటుడి చెయ్యి చూస్తూ ఆర్పాలి, మాట విని కాదు.

రంగు

మూడు పొరలు. కింద సున్నం తెలుపు, దాని మీద జాజు ఎరుపు, చివర పల్చటి మసినీళ్ళు. ఆరకముందే తడిగుడ్డతో అక్కడక్కడ తుడిస్తే లోపలి తెలుపు బయటపడి పెచ్చులు ఊడినట్టు ఉంటుంది. నేల నుంచి రెండడుగుల దాకా బ్రష్షుతో సున్నపు నీళ్ళు చిలకరించండి, సముద్రపు ఊళ్ళో గోడలకు పట్టే ఉప్పు అదే. రంగు వేసేటప్పుడు నాటకంలో వాడే లైట్ల కిందే చూడండి. నీలం లైటు కింద జాజు నల్లబడిపోతుంది. పగటి వెలుగులో చూసి మురిసిపోయిన మా గోడ రాత్రి సీనులో బొగ్గు గోడ అయింది. ఎరుపులో కాస్త పసుపు కలిపి, నీలం లైటు తగ్గిస్తే బతికింది.

నిప్పు

గోనెపట్టా, చాప, గుడ్డ, ఎండుటాకులు: అన్నీ కాలేవే. రంగు వెయ్యకముందే తడపండి. లీటరు వేడినీళ్ళకు 100 గ్రాముల వెలిగారం, 45 గ్రాముల బోరిక్ పౌడర్ కరిగించి, గుడ్డ పూర్తిగా తడిసేలా ముంచి లేదా స్ప్రే చేసి ఆరనివ్వండి. కిరాణా కొట్టులో వెలిగారం అంటే ఇస్తారు. ఆరాక ఒక ముక్క కోసి బయటికి తీసుకెళ్ళి పది సెకన్లు అగ్గిపుల్ల పెట్టండి. పుల్ల తీయగానే మంట ఆగిపోవాలి. ఆగకపోతే మళ్ళీ తడపండి. ఉతికినా, వాన తగిలినా ఇది పోతుంది, మళ్ళీ చెయ్యాలి. కుందెలో నిజం దీపం వద్దు, చిన్న ఎల్ఈడీ బల్బు పెట్టండి. పక్కనే ఒక బకెట్ ఇసుక, ఒక సిలిండర్, దాన్ని వాడడం వచ్చిన ఒక మనిషి.

మిగతావి

వసంతసేన ఇంటి ఎనిమిది లోగిళ్ళకు ఎనిమిది తెరలు గీసుకోవచ్చు. 1885లో మొదలైన సురభి నాటక సమాజం వాళ్ళ రంగుతెరల వరసలు చూసినవాళ్ళకు ఆ ఆశ తప్పదు, నాకూ ఉండేది. మాకు తెర వెనక ఉన్నది ముగ్గురే. అందుకని తలుపులు లేని మూడు గుమ్మాలు చేశాం, మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, కింద చక్రాలు. మైత్రేయుడు ఒకదాంట్లోంచి దాటగానే దాన్ని ముందుకు తోసుకొస్తారు. ఎనిమిదిసార్లు దాటుతాడు. నాలుగో దాటుకు మృదంగం, ఏడో దాటుకు చిలకల అరుపు. అయిదోది వంటిల్లు. నాటకంలో ఇంగువ, నూనె వాసనకు మైత్రేయుడికి నోరూరుతుంది. వింగ్స్‌లో ఇండక్షన్ పొయ్యి మీద నూనె కాచి ఇంగువ వేసి, చిన్న ఫ్యాన్ ప్రేక్షకుల వైపు తిప్పాం. ముందు నాలుగు వరసలకు గుప్పుమని తగిలింది. సెట్టింగులో నేను వేసిన మంచి గది అది.

బండ్లకు చక్రాలు, ఎడ్లు వద్దు. గూడు మాత్రం చాలు. వెదురు బద్దలు వంచి, ఈతచాప కప్పి, అయిదడుగుల గూడు రెండు చెయ్యండి, ఇద్దరేసి నటులు మోస్తారు. రెండూ అచ్చు ఒకేలా ఉండాలి. వసంతసేన పొరపాటున శకారుడి బండి ఎక్కిందని ప్రేక్షకుడు నమ్మాలంటే, తనే కూర్చుని ఏది ఎవరిదో తడబడాలి.

మట్టి బండి మాత్రం నిజంగా మట్టిదే కావాలి. కుమ్మరి దగ్గరికి వెళ్ళి చేయించండి, రంగు వెయ్యొద్దని చెప్పండి. పిల్లలాట బండి కొలతలో చేస్తే వెనక వరసకు కనపడదు, 14 అంగుళాలు చేయించాం. అందులో నగలు పోసినప్పుడు గలగల మోగుతుంది, ఆ మోత మట్టిలోనే వస్తుంది. మూడు చేయించి పెట్టుకోండి, ఒకటి పగలడం ఖాయం.

అయిదో అంకం వానకు నీళ్ళ జోలికి పోకండి. ఆరడుగుల ఇనప రేకు వేలాడదీసి ఊపితే ఉరుము, చేటలో శనగలు ఆడిస్తే చినుకు.

తొమ్మిదో అంకం న్యాయసభకు గోడను తిప్పాం, కన్నం పూడ్చలేదు. కథ ప్రకారం ఆ ఇంట్లో ఎవరో ఈపాటికి కప్పేసి ఉండాలి. అయినా అలాగే వదిలేశాం. చారుదత్తుడి మీద హత్య నేరం మోపుతున్నంతసేపూ వెనక అతని ఇంటి గుండె తెరుచుకునే ఉంటుంది. పదో అంకంలో తండ్రి కోసం రోహసేనుడు ఆ కన్నంలోంచే పరిగెత్తుకొస్తాడు. దొంగకు సరిపోయిన దారి పిల్లవాడికి ఇంకా బాగా సరిపోయింది.

కూర్పు, విప్పు

నాటకానికి కనీసం పది రోజుల ముందు గోడను రిహార్సల్ చోటికి తీసుకెళ్ళండి. రంగు లేకపోయినా సరే, ఇటుకలు మాత్రం ఉండాలి. ముందు నటుడు లేకుండా నలుగురు కూర్చే పని చెయ్యండి, గడియారం పెట్టి. మాకు మొదటిసారి గంటన్నర పట్టింది, అయిదోసారికి నలభై నిమిషాలు. నాటక పరిషత్తుల్లో పోటీకి వెళ్తే ఇచ్చే సమయం చాలా తక్కువ, కాబట్టి ఎవరు ఏ పలక పట్టుకోవాలో, ఎవరు ఊత బిగించాలో ముందే పంచుకోండి. ఊళ్ళో ఆరుబయట వేదిక మీద వేస్తే ఇసుక సంచులు రెట్టింపు చెయ్యండి. మన తీరంలో సాయంత్రం గాలి చెప్పి రాదు.

ప్రదర్శన మొదలయ్యే ముందు ఇటుకలు పేర్చేది ఒక్కరే ఉండాలి, ప్రతిసారీ అదే మనిషి. పేర్చాక ఒక్కొక్కటి కాస్త లాగి చూసి వదలాలి.

విప్పేటప్పుడు ఇటుకలు లెక్కపెట్టి గోనెసంచిలో వెయ్యండి. ఒక ఊళ్ళో పదిహేడే వచ్చాయి. గంటసేపు వెతికాం. చివరికి ముందు వరసలో కూర్చున్న ఒక చిన్నపిల్ల ఒళ్ళో దొరికింది, నిజం ఇటుక ఇంత తేలిగ్గా ఎలా ఉందా అని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తోంది. ఆ తర్వాత నిండువి రెండు, అరవి రెండు అదనంగా చేసి పెట్టుకున్నాం.